అగ్నిపర్వతాన్ని చూడటం, చదవడం

అగ్నిపర్వతం అనగానే మీ మనసులో ఏ బొమ్మ మెదులుతుంది? శంకువు ఆకారంలో ఒక కొండ, కొసన ఎర్రటి మంట, పైకి లేస్తున్న పొగ. బడి పుస్తకంలో మనమంతా గీసిన బొమ్మ అదే. మన భాషలో దాని పేరు కూడా 'అగ్ని'తోనే మొదలవుతుంది. నిజానికి అగ్నిపర్వతం మండే కొండ కాదు. మంట పుట్టాలంటే ఏదో ఒక ఇంధనం ఆక్సిజన్‌తో కలవాలి. లావా తగిలి చెట్లు అంటుకోవచ్చు, బయటికి వచ్చే వాయువుల్లో ఒకటి రెండు మండవచ్చు. కానీ మనకు కనిపించే ఆ ఎరుపు, కరిగిన రాయి తన వేడివల్ల వెలువరించే కాంతి. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబడటం లాంటిదే ఇది. పొగ అని మనం అనుకునేది చాలావరకు నీటి ఆవిరి, ఇతర వాయువులు. 'బూడిద' కూడా ఏదో కాలగా మిగిలింది కాదు. అది పొడిపొడి అయిన రాయి, గాజు. అనువాదం చేసేటప్పుడు ఈ మాటల దగ్గర నా కలం తరచు ఆగుతుంది. వాడుకలో స్థిరపడిన మాటలు కనుక మార్చలేం. వాటి వెనుక ఉన్న అర్థాన్ని మాత్రం సరిగ్గా తెలుసుకోవాలి.

పేరువల్ల కలిగే ఈ భ్రమ చిన్నది. అగ్నిపర్వతాలపై వచ్చే సినిమాలు కలిగించే భ్రమ ఇంతకంటే పెద్దది. ఎంత దగ్గరికి వెళ్తే అంత బాగా తెలుస్తుంది అన్నదే ఆ భ్రమ. భూగర్భశాస్త్రం చదవాలనుకునే విద్యార్థికి ఇది ప్రమాదకరం కూడా. ఈ దృష్టితో మూడు చిత్రాలను పరిశీలిద్దాం. చురుకైన అగ్నిపర్వతంపై విద్యార్థులు క్షేత్ర శిబిరంలో, అంటే ఫీల్డ్ క్యాంపులో, నేర్చుకునే పనిని గీటురాయిగా పెట్టుకుందాం.

ఇద్దరి కథ

మొదటిది 2022లో విడుదలైన 'ఫైర్ ఆఫ్ లవ్'. దర్శకురాలు సారా డోసా. ఉత్తమ డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్‌కు నామినేట్ అయిన చిత్రం ఇది. ఫ్రాన్స్‌కు చెందిన కాత్యా క్రాఫ్ట్, మోరిస్ క్రాఫ్ట్ అనే దంపతుల జీవితమే ఇందులో కథ. కాత్యా రసాయన శాస్త్రం చదివింది. మోరిస్ భూగర్భశాస్త్రజ్ఞుడు. 1970లో వారి పెళ్లి జరిగింది. అప్పటినుంచి రెండు దశాబ్దాలపాటు, భూమిపై ఎక్కడ అగ్నిపర్వతం మేల్కొందని తెలిసినా ఇద్దరూ అక్కడికి బయలుదేరేవారు. ఆమె ఫోటోలు తీసేది, అతను సినిమా తీసేవాడు. 1991 జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర ఇద్దరూ మరణించారు.

ఈ చిత్రంలో మెచ్చుకోవలసింది చాలా ఉంది. క్రాఫ్ట్ దంపతులు వదిలివెళ్లిన ఫిల్ములోంచి ఎంచి కూర్చిన దృశ్యాలు మరెక్కడా దొరకవు. లావా ఎలా పారుతుందో, ఎలా చల్లబడి మడతలు పడుతుందో, బిలంలో సరస్సులా ఎలా కదులుతుందో ఏ పాఠ్యపుస్తకం చూపగలదు? వెండిరంగు రక్షణ దుస్తుల్లో కాత్యా లావా ఎదుట నిలబడిన దృశ్యాన్ని చూశాక, శాస్త్రం అంటే నాలుగు గోడల మధ్య జరిగేదని ఎవరూ అనరు. భూగర్భశాస్త్రం అబ్బాయిల చదువు అని ఇంట్లో మాట వినే అమ్మాయిలకు ఈ ఒక్క దృశ్యమే జవాబు. ఇలాంటి చిత్రం చూసి పది మంది విద్యార్థులు ఈ శాస్త్రంవైపు వస్తే సంతోషించవలసిందే.

అయితే చిత్రం దేన్ని ఎంచుకుంది, దేన్ని పక్కన పెట్టింది అని అడగడం విమర్శకుడి పని. ఇండోనేషియాలోని ఇజెన్ బిలంలో ఒక సరస్సు ఉంది. ఆ నీరు ఎంత ఆమ్లమంటే దాని పీహెచ్ విలువ 0.5 కంటే తక్కువ. మోరిస్ రబ్బరు పడవ వేసుకుని ఆ సరస్సు మధ్యకు వెళ్తాడు. ఒడ్డున ఉన్న కాత్యాకు అది నచ్చదు. చిత్రం చూసి బయటికి వచ్చినవారిని అడగండి. పడవ గుర్తుంటుంది, కాత్యా కోపం గుర్తుంటుంది. వారు అక్కడ ఏం కొలవడానికి వెళ్లారు, ఆ కొలత వల్ల ఏం తెలిసింది అంటే జవాబు రాదు. ప్రేమకథగా చిత్రాన్ని మలిచినప్పుడు సాహసం ముందుకు వస్తుంది, కొలత వెనక్కి పోతుంది. కాత్యా చదువంతా వాయువులు, వాటి రసాయనం. ఆ పనికి తెరపై దక్కిన చోటు తక్కువ.

రెండో చిత్రం కూడా 2022లోనే వచ్చింది. ప్రసిద్ధ జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ తీసిన 'ద ఫైర్ వితిన్'. ఇదీ క్రాఫ్ట్ దంపతుల ఫిల్ముతో కూర్చిందే. హెర్జోగ్ వారిని శాస్త్రజ్ఞులుగా కంటే ఎక్కువగా చలనచిత్రకారులుగా చూస్తాడు. వారు ఎంత గొప్ప దృశ్యాలు తీశారో మాటలు తగ్గించి, సంగీతం పెంచి చూపిస్తాడు. అదొక నివాళి. నివాళిగా అది నిజాయితీ ఉన్న చిత్రం. తనకు శాస్త్రంకంటే దృశ్యమే ముఖ్యమని దాచిపెట్టదు. విద్యార్థికి ఎదురయ్యే ఇబ్బంది మాత్రం అదే. రెండు చిత్రాలూ చూశాక కూడా, ఒక అగ్నిపర్వతం రేపు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మనిషి ఏం చేయాలి అన్న ప్రశ్నకు దారి దొరకదు. ఆ దారి కోసం హవాయికి వెళ్దాం.

శిబిరంలో ఏం జరుగుతుంది?

అమెరికాలో భూగర్భశాస్త్రం డిగ్రీ చదివే విద్యార్థులు వేసవిలో కొన్ని వారాలపాటు క్షేత్ర శిబిరానికి వెళ్లడం ఆనవాయితీ. అలాంటి శిబిరాలు కొన్ని హవాయి పెద్ద దీవిలో, కిలవేయా, మౌనా లోవా అగ్నిపర్వతాలపై జరుగుతాయి. కిలవేయా అంచున 1912లో థామస్ జాగర్ ఒక పరిశీలనా కేంద్రాన్ని స్థాపించాడు. 1902లో మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం ఒక్క ఉదయంలో సుమారు 28,000 మందిని బలిగొన్న తర్వాత, ఇలాంటి కొండలను ఏడాది పొడవునా గమనించే ఏర్పాటు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. అదే దీవిలోని హిలో పట్టణంలో, హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన చురుకైన అగ్నిపర్వతాల అధ్యయన కేంద్రం ఉంది. అగ్నిపర్వతాలున్న ఇతర దేశాల సిబ్బందికి కొలిచే పద్ధతుల్లో అది 1990 నుంచి ఎన్నో ఏళ్లుగా శిక్షణ ఇస్తూ వచ్చింది.

శిబిరానికి వెళ్లిన విద్యార్థి ముందుగా చూసేది పారే లావాను కాదు, గడ్డకట్టిన లావాను. కిలవేయా పక్కనే కిలవేయా ఇకి అనే బిలం ఉంది. 1959లో అక్కడ లావా ఫౌంటెన్ సుమారు 580 మీటర్ల ఎత్తుకు లేచింది. కింద నిండిన లావా సరస్సు లోతు నూరు మీటర్లు దాటింది. పైన పెంకు కట్టినా లోపలంతా గట్టిపడటానికి 30 ఏళ్లకు పైగా పట్టింది. ఆ పెంకుపైనుంచే శాస్త్రజ్ఞులు డ్రిల్లింగ్ చేసి, లోపల రాయి ఎలా గడ్డకడుతోందో తెలుసుకున్నారు. ఈనాడు విద్యార్థులు ఆ సరస్సు మీద నడుస్తూ పగుళ్లు ఎటు పోతున్నాయో గుర్తిస్తారు, రాతిలో ఆకుపచ్చగా మెరిసే ఆలివిన్ గింజలను పరిశీలిస్తారు, నోటుబుక్కులో పటం గీస్తారు. తాడులా మడతలుపడిన నున్నని లావాను పహోయిహోయి అని, గరుకు ముక్కల కుప్పలా ఉండేదాన్ని ఆ-ఆ అని అంటారు. ఈ రెండూ హవాయి ప్రజల మాటలే. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వాటినే వాడుతున్నారు.

తర్వాత వచ్చేది కొలత. శిలాద్రవం కింద చేరేకొద్దీ కొండ శిఖరం కొంచెం ఉబ్బుతుంది, అది వేరే దారిన వెళ్లిపోతే కుంగుతుంది. ఈ ఉబ్బు కంటికి కనిపించేది కాదు. ఒక కిలోమీటరు పొడవున్న కడ్డీని ఊహించుకోండి. దాని ఒక కొసను ఒక మిల్లీమీటరు పైకి ఎత్తితే ఎంత వాలు వస్తుందో, వాలుమాపకాలు అంత చిన్న వాలును పట్టుకుంటాయి. మన సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలిసిన లెవెలింగ్ పద్ధతి, జీపీఎస్, భూకంపలేఖిని, ఇవన్నీ ఇక్కడ ఒకే ప్రశ్నకోసం పనిచేస్తాయి: లోపల ద్రవం ఎటు కదులుతోంది?

వాయువుల సంగతి కూడా ఇంతే. సల్ఫర్ డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. కనుక వాయుమేఘం కింద దూరంగా నిలబడి, దానిగుండా వచ్చే ఆకాశపు వెలుగును వర్ణపటమాపకంతో పరిశీలిస్తే, ఎంత వాయువు వెలువడుతోందో లెక్కకట్టవచ్చు. బిలం అంచుకు వెళ్లనక్కరలేదు. లావా దగ్గరికి తప్పక వెళ్లవలసిన పని నమూనా తీయడం. అదీ అనుమతితో, అనుభవజ్ఞుల వెంట. సుత్తితో ముద్ద తీసి వెంటనే నీళ్ల బకెట్టులో వేస్తారు. అది గాజుగా గడ్డకడుతుంది. ఆ గాజులో మెగ్నీషియం ఎంతుందో చూసి, బయటికి వచ్చేనాటికి లావా ఎంత వేడిగా ఉందో చెప్పగలుగుతారు. దగ్గర గడిపేది కొన్ని నిమిషాలు, ప్రయోగశాలలో పని రోజులకొద్దీ.

శిబిరంలో విద్యార్థి నోటుబుక్కులో ఎక్కువసార్లు రాసే మాట ఏమిటో ఊహించగలరా? 'మార్పు లేదు.' సమయం, స్థలం, గాలి దిశ, పరికరం చూపిన విలువ, మార్పు లేదు. నిన్నటి విలువ లేకపోతే ఇవాళ్టి మార్పు తెలియదు. సినిమాకు పనికిరాని ఈ రోజులే శాస్త్రానికి పునాది. 'ఫైర్ ఆఫ్ లవ్' చూసి శిబిరానికి వెళ్లిన కుర్రవాడు మొదటి వారం నిరాశపడితే ఆశ్చర్యం లేదు.

ఎరుపు, బూడిదరంగు

అగ్నిపర్వతాలను సామాన్యులకు సులువుగా వివరించడానికి మోరిస్ క్రాఫ్ట్ వాటిని రెండు రకాలుగా చెప్పేవాడు. ఎర్రవి, బూడిదరంగువి. ఎర్రవాటిలో లావా పలుచగా పారుతుంది, మనిషి తప్పించుకోవచ్చు. బూడిదరంగువి బద్దలవుతాయి, చంపుతాయి. 'ఫైర్ ఆఫ్ లవ్' ఈ విభజనను కథకు వెన్నెముకగా వాడుకుంది. మొదట ఎర్రవాటితో స్నేహం, తర్వాత బూడిదరంగువాటి పిలుపు, చివరకు మరణం.

కథకు ఇది బాగుంటుంది. క్షేత్రంలో మాత్రం ఇలాంటి విభజనను నమ్ముకోకూడదు. కిలవేయానే తీసుకోండి. ప్రపంచంలో అందరికీ తెలిసిన 'ఎర్ర' అగ్నిపర్వతం అదే. కానీ 1790లో అదే కిలవేయా భయంకరంగా పేలి, ఆ దారిన వెళ్తున్న హవాయి యోధులను, వారి కుటుంబాలను బలిగొంది. గట్టిపడిన బూడిదలో మనుషుల పాదముద్రలు అక్కడి కావూ ఎడారిలో ఇప్పటికీ ఉన్నాయి. 1924లో ఆవిరి పేలుళ్లు టన్నుల బరువున్న బండలను విసిరాయి. బిలం దగ్గరికి వెళ్లిన ఒక వ్యక్తి మరణించాడు. 2018లో శిలాద్రవం కొండ కిందినుంచి తూర్పువైపుకు తరలిపోయింది. అక్కడ లావా 700కు పైగా ఇళ్లను మింగింది. ఇక్కడ శిఖరబిలం అడుగు 500 మీటర్లకు పైగా కుంగింది. శతాబ్దం చరిత్ర ఉన్న పరిశీలనా కేంద్రం తన భవనాన్ని వదిలి వెళ్లవలసి వచ్చింది. 2019లో ఆ గోతిలో నీరు ఊరి సరస్సు అయింది. 2020 డిసెంబర్ 20న మళ్లీ లావా వచ్చి ఆ నీటిని ఆవిరి చేసింది. 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటనంలో, 2025 పొడవునా విడతలు విడతలుగా లావా ఫౌంటెన్లు లేచాయి. నీరు ఎక్కడుంది, వాయువు ఎంత కలిసి ఉంది, దారి తెరుచుకుందా మూసుకుందా అన్నదాన్ని బట్టి ఒకే కొండ ఈ ఏడు ఎర్రగా, మరో ఏడు బూడిదరంగులో కనిపిస్తుంది. రంగును చూసి ధైర్యం తెచ్చుకునే విద్యార్థికి చిత్రం ఈ మాట గట్టిగా చెప్పి ఉండవలసింది.

నలభై ముగ్గురు

ఉన్‌జెన్ 198 ఏళ్ల విరామం తర్వాత 1990 నవంబర్‌లో మేల్కొంది. 1991 మే నెలలో శిఖరంపై చిక్కటి లావా గుమ్మటంలా పెరగసాగింది. దాని అంచులు విరిగిపడినప్పుడల్లా వేడి రాళ్లు, బూడిద, వాయువు కలగలిసిన ప్రవాహం లోయలోకి దూసుకువచ్చేది. దీన్ని పైరోక్లాస్టిక్ ప్రవాహం అంటారు. బరువైన భాగం లోయ వెంటే పోతుంది. కానీ పైన తేలే వేడి వాయువు, సన్నని బూడిద లోయ మలుపు దగ్గర విడిపోయి గట్టు ఎక్కగలవు. లోయలో లేము, గట్టుపై ఉన్నాము అన్న లెక్క అక్కడే తప్పుతుంది. జూన్ 3న జరిగింది ఇదే.

ఆ రోజు మరణించినవారు 43 మంది. పత్రికలు, టీవీలకు చెందినవారు 16 మంది. వారిని తీసుకువచ్చిన టాక్సీ డ్రైవర్లు నలుగురు. స్థానిక స్వచ్ఛంద అగ్నిమాపక దళ సభ్యులు 12 మంది. పోలీసులు ఇద్దరు. ఊరివారు ఆరుగురు. అగ్నిపర్వత శాస్త్రజ్ఞులు ముగ్గురు. ఈ లెక్కను నెమ్మదిగా చదవండి. మంచి దృశ్యం కోసం కెమెరాలు ప్రమాదస్థలానికి చేరాయి. కెమెరాలు వెళ్లాయి కనుక డ్రైవర్లు వెళ్లారు. ఖాళీ చేసిన ఊళ్లో బయటివారు తిరుగుతున్నారు కనుక కాపలాకు అగ్నిమాపక దళం వెళ్లింది. ఒకరు దగ్గరికి వెళ్లడం ఆ ఒక్కరి సొంత విషయంగా ఉండిపోదు.

'ఫైర్ ఆఫ్ లవ్' ఇద్దరి మరణాన్ని మనసుకు హత్తుకునేలా చెప్పింది. మిగతా 41 మంది ఎందుకు అక్కడ ఉన్నారన్నది మన మనసులో ప్రశ్నగా కూడా మిగలదు. నా ప్రధాన అభ్యంతరం ఇదే. తెలిసి తెలిసి ప్రాణాలకు తెగించారు అని ఇద్దరి గురించి చెప్పగలం. టాక్సీ డ్రైవరు గురించి అలా చెప్పలేం.

మూడో శాస్త్రజ్ఞుడి పేరు హ్యారీ గ్లికెన్. 1980లో ఆయన విద్యార్థి. అమెరికాలోని సెయింట్ హెలెన్స్ ఎదుట పరిశీలనా స్థానంలో ఆయన కాపలా ఉండేవాడు. మే 17న వేరే పనిమీద వెళ్లవలసి వచ్చి, ఆ స్థానాన్ని డేవిడ్ జాన్‌స్టన్‌కు అప్పగించాడు. మర్నాడు ఉదయం కొండ పక్కకు పేలింది. జాన్‌స్టన్ మరణించాడు. గ్లికెన్ తర్వాతి ఏళ్లు ఆ కొండచరియ ఎలా కూలిందన్న పరిశోధనకే వెచ్చించాడు. ఈనాడు ప్రపంచంలో పాత అగ్నిపర్వతాల కింద కనిపించే రాళ్ల గుట్టలను చూసి 'ఇది కొండ కూలిన ఆనవాలు' అని గుర్తుపట్టడానికి ఆ పని ఎంతో తోడ్పడింది. క్షేత్ర శిబిరానికి వెళ్లే విద్యార్థికి ఇంతకంటే దగ్గరి కథ ఏది?

మరో ఉదాహరణ కూడా గుర్తుంచుకోవాలి. 1993 జనవరి 14న కొలంబియాలోని గలెరాస్‌పై జరిగింది అచ్చంగా క్షేత్ర పర్యటనే. శాస్త్రజ్ఞుల సదస్సులో భాగంగా వెళ్లిన బృందం బిలం దగ్గర ఉండగా కొండ పేలింది. ఆరుగురు శాస్త్రజ్ఞులు, ముగ్గురు పర్యాటకులు మరణించారు. ఆ తర్వాత 1994లో అంతర్జాతీయ అగ్నిపర్వత శాస్త్రజ్ఞుల సంఘం భద్రతా సూచనలు ప్రచురించింది. శిరస్త్రాణం పెట్టుకోవాలి, తగిన దుస్తులు వేసుకోవాలి, బిలంలో తక్కువమంది తక్కువసేపే ఉండాలి. చూడటానికి మామూలు మాటలు. నిపుణులు కూడా వీటిని రాసిపెట్టుకోవలసి వచ్చిందని గమనించండి.

ఎవరూ మెచ్చుకోని మూడో చిత్రం

ఇప్పుడు మూడో చిత్రం. దీనికి బహుమతులు రాలేదు, సంగీతం గురించి ఎవరూ రాయలేదు. నిడివి గంట కూడా లేదు. దాన్ని తయారుచేసినవాడు మోరిస్ క్రాఫ్టే.

1985 నవంబర్ 13న కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. పెద్ద పేలుడేమీ కాదు. కానీ వేడికి శిఖరంపై మంచు కరిగి, బూడిదతో కలిసి బురద వరదగా లోయల్లోకి దిగింది. సుమారు రెండున్నర గంటల తర్వాత ఆర్మెరో పట్టణాన్ని ముంచింది. మరణించినవారు సుమారు 23,000 మంది. ప్రమాద పటం అంతకు నెల ముందే తయారైంది. పటం ఉంది, సమయం ఉంది, జనం మాత్రం కదలలేదు. 'బురద వరద' అన్న మాట విన్నవారికి అది ఎలా ఉంటుందో తెలియకపోవడం అందుకు ఒక కారణం.

ఆ లోటు తీర్చడానికే మోరిస్ ప్రమాదాలను వివరించే వీడియో తయారుచేశాడు. బూడిద ఎలా రాలుతుంది, పైరోక్లాస్టిక్ ప్రవాహం ఎంత వేగంతో వస్తుంది, బురద వరద ఇళ్లను ఏం చేస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా, తాపీగా, పాఠం చెప్పినట్టు చూపిస్తుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతూబో కదలడం మొదలైనప్పుడు ఆ వీడియో ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. ఉన్న ప్రతినే అక్కడ అధికారులకు, ప్రజలకు చూపించారు. సుమారు 500 ఏళ్లు నిద్రలో ఉన్న కొండ పేలుతుందంటే ముందు నమ్మనివారు, తెరపై చూశాక ఆలోచనలో పడ్డారు. భూకంపలేఖినులు, వాయువు కొలతల ఆధారంగా శాస్త్రజ్ఞులు హెచ్చరికలు పెంచుకుంటూ పోయారు. వేలాది మందిని తరలించారు. జూన్ 15న పినతూబో బద్దలైంది. ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద విస్ఫోటనాల్లో అది ఒకటి. ముందు జాగ్రత్తవల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అమెరికా భూగర్భ సర్వే అంచనా.

ఇది పూర్తి విజయగాథ అనుకోకండి. తుపాను వానకు తడిసిన బూడిద బరువుతో కప్పులు కూలి వందల మంది పోయారు. కొండ వాలులో నివసించే ఏటా గిరిజనుల్లో చాలామంది, ముఖ్యంగా పిల్లలు, పునరావాస కేంద్రాల్లో తట్టు వంటి జబ్బులకు బలయ్యారు. అయినా ఒక విషయం మాత్రం నిలుస్తుంది. మోరిస్, కాత్యా మరణించిన 12 రోజులకు, వారు తీసిన దృశ్యాలు చూసినవారు ప్రాణాలతో ఉన్నారు. వారు ప్రమాదానికి దగ్గరగా వెళ్లి తెచ్చిన ఫిల్ము ఇతరులను దూరంగా పంపడానికి పనికివచ్చింది. వారి జీవితంలో అన్నింటికంటే విలువైన పని ఏదని నన్నడిగితే, ఈ వీడియోనే చూపిస్తాను. ప్రేమకథ చిత్రం ఈ పాఠం మీద ఇంకొంత సేపు నిలిచి ఉంటే మరింత గొప్ప చిత్రం అయ్యేదని నా అభిప్రాయం.

మన నేలపై

ఇదంతా మనకెందుకు, మన దగ్గర అగ్నిపర్వతాలు లేవుగా అని మీరు అడగవచ్చు. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడిలో కనిపించే నల్లరాయి, అంతా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లనాటి లావా. పశ్చిమాన పుట్టిన లావా పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి గోదావరి తీరం చేరిందని 2008లో ఒక పరిశోధన బృందం ప్రతిపాదించింది. అంత దూరం చల్లబడకుండా ఎలా పారింది?

జవాబు హవాయి క్షేత్రంలో దొరికింది. దక్కన్ లాంటి విశాల లావా పొరలు కొద్ది రోజుల్లోనే వరదలా ముంచెత్తాయని ఒకప్పుడు అనుకునేవారు. 1990 ప్రాంతంలో కిలవేయా లావా పారుతుండగా కెన్ హాన్, ఆయన సహచరులు దాని పక్కన నిలబడి ఓపికగా కొలిచారు. పహోయిహోయి లావా మొదట జానెడు మందంతో పరుచుకుంటుంది. పైన పెంకు కడుతుంది. ఆ పెంకు కింద లావా ఇంకా చేరుతూనే ఉంటుంది. పూరీ పొంగినట్టు మొత్తం పైకి లేస్తుంది. పెంకు దుప్పటిలా వేడిని కాపాడుతుంది, లోపలి లావా చాలా దూరం పోగలుగుతుంది. 1994లో వారు ప్రచురించిన సూత్రం చాలా సులువు. పైపెంకు మందాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 164.8తో గుణిస్తే, ఆ పెంకు కట్టడానికి పట్టిన కాలం గంటల్లో వస్తుంది. ఒక మీటరు పెంకుకు సుమారు 165 గంటలు, అంటే వారం. పది మీటర్ల పెంకుకు 16,480 గంటలు, అంటే రెండేళ్లకు కొంచెం తక్కువ.

ఈ లెక్క మీరూ చేయవచ్చు. రాతి పొర పైభాగంలో వాయుబుడగలు మిగిల్చిన రంధ్రాలు ఎక్కువగా ఉంటాయి. అవి ఉన్నంత మేర సుమారుగా పైపెంకు అనుకోవచ్చు. చల్లబడే తీరు హవాయిలోలాగే ఉందని అనుకుంటూ వేసే అంచనా ఇది. ఆ పరిమితి గుర్తుంచుకోండి. పంగిడి ప్రాంతంలో రెండు లావా పొరల మధ్య శిలాజాలున్న సున్నపురాయి పొర ఉంది. ఒక లావా వచ్చి ఆగాక, మరొకటి వచ్చేలోపు అక్కడ జీవులు బతికాయని దాని అర్థం. అధ్యాపకుల వెంట, క్వారీ యాజమాన్యం అనుమతితో, పేలుళ్ల వేళలు కనుక్కుని మాత్రమే వెళ్లండి. గలెరాస్ పాఠం క్వారీకి కూడా వర్తిస్తుంది.

చురుకైన అగ్నిపర్వతం కూడా మన దేశంలో ఒకటుంది. అండమాన్‌లోని బారెన్ దీవి. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో అది మేల్కొంది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ బృందం ఆ దగ్గర సముద్రపు అడుగునుంచి నమూనాలు తీస్తుండగా బూడిద ఎగజిమ్మింది. వారు దీవి ఎక్కలేదు. సుమారు ఒక మైలు దూరం జరిగి గమనించారు. ఐదు, పది నిమిషాల విడతలుగా పేలుతోందని, పగలు బూడిద మేఘమే కనిపించినా చీకటి పడ్డాక ఎర్రని లావా కనిపిస్తోందని నమోదు చేశారు, నీటి నమూనాలు తీసుకున్నారు. ఆ నాలుగు వాక్యాల నివేదికలో శాస్త్రం ఉంది.

మీ కళాశాలలో 'ఫైర్ ఆఫ్ లవ్' ప్రదర్శిస్తే తప్పకుండా చూడండి. అయితే ముందుగా మోరిస్ తీసిన ప్రమాదాల వీడియో చూసి, తర్వాత దీన్ని చూడండి. చూసేటప్పుడు కాగితం దగ్గర పెట్టుకోండి. వారు ఎక్కడ నిలబడ్డారు, గాలి ఎటు వీస్తోంది, వెనక్కి దారి ఉందా, వారి చేతిలో ఏ పరికరం ఉంది, కెమెరా వెనుక ఇంకెవరున్నారు, ఈ అయిదు ప్రశ్నలకు ప్రతి దృశ్యంలోనూ జవాబు వెతకండి. కొన్నింటికి జవాబు దొరకదు. దొరకనివాటి జాబితా రాసుకుని మీ అధ్యాపకులతో చర్చించండి. రేపు మీలో ఎవరైనా నిజమైన శిబిరానికి వెళ్తే, మొదటి ఉదయం నోటుబుక్కు తెరిచి రాయవలసినవి కూడా ఈ ప్రశ్నలే.